తెలుగులో చెప్పే పాఠానికి ప్లాన్ ఎందుకు అంటున్నవారికి

జూన్‌లో బళ్ళు తెరిచినప్పుడు ఒకసారి, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం వచ్చినప్పుడు ఇంకోసారి, టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదే: "ఒకటి, రెండు తరగతులకు మాతృభాషలో చెప్పేటప్పుడు పాఠానికి ప్లాన్ అక్కర్లేదు. పిల్లలకు భాష వచ్చు, టీచరుకూ వచ్చు. కావాలంటే ఇంగ్లీషు ప్లాన్‌నే తెలుగులోకి మార్చుకోవచ్చు. లెక్కలకైతే భాషతో పనే లేదు. ఒకే తరగతిలో నాలుగు భాషల పిల్లలుంటే మాతృభాషలో చెప్పడం ఎలాగూ కుదరదు. ఫిలిప్పీన్స్ కూడా మొదలుపెట్టి మానేసింది. ప్లాన్ రాసేది ఎంఈఓ (మండల విద్యాధికారి) చూడటానికే." కింద వరసగా దండాలు, చప్పట్లు.

దీన్ని పంపేవాళ్ళలో తెలుగు మీడియం ఉండాలనేవాళ్ళూ ఉన్నారు, ఇంగ్లీషు మీడియమే కావాలనేవాళ్ళూ ఉన్నారు. ఎవరికి కావలసిన ముక్క వాళ్ళకు ఇందులో దొరుకుతుంది మరి. నా పేచీ ఇద్దరితోనూ. మాతృభాషలో చెప్తే ప్లాన్ పని పోదు. అది వేరే రకం పని అవుతుంది, అంతే. కొన్నిచోట్ల ఇంకా పెరుగుతుంది.

"పిల్లలకు భాష వచ్చు కదా" అన్న మాటే తీసుకుందాం. వచ్చు. ఆరేళ్ళ పిల్లకు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఈ రెంటి మధ్య దూరం తెలుగులో ఎంతుందో ఒక్కసారి నల్లబల్ల మీద రాసి చూడండి. అమ్మ, నాన్న, అక్క, అన్న, అవ్వ, చెల్లి, తమ్ముడు. బిడ్డ నోట రోజూ పలికే ఈ మాటల్లో ఒక్కటి కూడా వత్తు లేకుండా రాయలేం. పైగా త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. అంటే పిల్లలకు బాగా దగ్గరైన మాటలే రాతలో కష్టమైనవి. అక్షరమాల వరస పట్టుకుని పోతే ఇంకో చిక్కు. ఋ, ౠ, ఙ, ఞ దగ్గర రోజులు గడిచిపోతాయి. ఙ, ఞలతో మొదలయ్యే వాడుక మాట ఒక్కటి చెప్పమంటే మనమే నీళ్ళు నములుతాం. 

అదే అ, ల, వ, త, క అనే ఐదక్షరాలతో మొదలుపెడితే అల, వల, తల, కల, లత అని మొదటివారంలోనే పిల్లలు మాటలు చదివేస్తారు. ప చేరిస్తే పలక, కలప వస్తాయి. అమ్మ, నాన్నలను మాత్రం విడగొట్టకుండా బొమ్మలాగా గుర్తుపట్టనిచ్చి, వత్తుల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఏ అక్షరం ముందు, ఏది తర్వాత, ఏ మాట మొత్తంగా, ఏది విడగొట్టి? ఇవి తరగతిలో నిలబడ్డాక అప్పటికప్పుడు తేలే విషయాలు కావు.

ఇంకొకటి. పుస్తకంలో తెలుగు ఇంట్లో తెలుగు కాదు. వాచకంలో వేరుశెనగ అని ఉంటుంది. తెలంగాణ పిల్లకు అది పల్లికాయ, కర్నూలు పిల్లాడికి బుడ్డలు. పుస్తకంలో సొరకాయ శ్రీకాకుళంలో ఆనపకాయ. పిల్లాడు బొమ్మ చూసి "ఆనపకాయ" అంటే తప్పు అని కొట్టేస్తామా, బోర్డు మీద దాన్ని రాసి పక్కనే సొరకాయ అని రాస్తామా? మొదటి పద్ధతిలో ఆ పిల్లాడు మధ్యాహ్నానికల్లా నోరు మూసుకుంటాడు. పాఠం ముందు రోజు ఓ పది నిమిషాలు కూర్చుని, ఇందులో మా ఊరి పిల్లలు వేరే పేరుతో పిలిచేవి ఏమున్నాయి అని చూసుకుంటే సరిపోతుంది. టీచరుది వేరే జిల్లా అయితే ఈ పని తప్పనిసరి.

"ఇంగ్లీషు ప్లాన్‌ను తెలుగులోకి మార్చుకుంటే చాలు" అన్నది రెండో మాట. మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాక ఈ ఆలోచన మరీ బలపడింది. పేజీని అనువదించొచ్చు గానీ చదవడం నేర్పే పద్ధతిని అనువదించలేం. ఇంగ్లీషులో సి, ఏ, టి ధ్వనుల్ని విడివిడిగా పలికించి, కలిపి క్యాట్ అనిపిస్తారు. తెలుగులో క అనే అక్షరంలో అ ముందే ఉంది. మనకు నడిచేది గుణింతం. గుర్తు ఒకసారి పైన, ఒకసారి పక్కన, ఒకసారి కింద వస్తుంది. కై దగ్గరికొస్తే పైనా కిందా రెండుచోట్లా. ఇంగ్లీషు ప్లాన్‌లో దీనికి చోటే లేదు.

మన పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది హ్రస్వం, దీర్ఘం దగ్గర. వడ అని రాయమంటే వాడ అని రాస్తారు, వాడ అంటే వడ. దీనికి మందు కాపీ రాయించడం కాదు. రాతకన్నా ముందు చెవికి తేడా తెలియాలి. పొట్టి మాటకు ఒక చప్పట, పొడుగు మాటకు చేతులు చాపడం లాంటి ఆట రెండు రోజులు ఆడించి అప్పుడు పలక ఇవ్వాలి. మరోపక్క ఇంగ్లీషు ప్లాన్‌లో ఏకవచనం, బహువచనం అని ఒక పీరియడ్ ఉంటుంది. ఇల్లు, ఇళ్ళు, కన్ను, కళ్ళు, పండు, పళ్ళు. ఇవన్నీ మన పిల్లలు బడికి రాకముందే తప్పు లేకుండా అంటారు. ఆ పీరియడ్ తెలుగులో దండగ. ఏది చెప్పక్కర్లేదో తేల్చుకోవడం కూడా ప్లానే.

ఇక లెక్కలు. "లెక్కలకు భాషతో పని లేదు" అనేది ఈ సందేశం మొత్తంలో అన్నింటికన్నా పెద్ద పొరపాటు.

ఈ లెక్క రెండో తరగతిలో ఇచ్చి చూడండి: రాము దగ్గర 8 గోలీలున్నాయి. అవి సీత దగ్గర ఉన్నవాటికన్నా 3 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని? చాలామంది టక్కున 11 అంటారు. 8లోంచి 3 తీసేయడం రాక కాదు. 'ఎక్కువ' అన్న మాట చెవినపడగానే కూడేశారు. ఇక్కడ తప్పింది వాక్యం దగ్గర. అందుకని పాఠం కూడా వాక్యంతోనే మొదలవ్వాలి. చింతగింజలు రెండు వరసలుగా పేర్పించి, ఎవరి వరస పొడుగు, ఎవరిది పొట్టి, ఎన్ని గింజల తేడా అని వాళ్ళ మాటల్లో చెప్పించాలి. అదే లెక్కను "సీత దగ్గర రాము కన్నా 3 తక్కువ" అని తిప్పి చెప్పించాలి. ఆ తర్వాతే అంకెలు. పరాయి భాషలో ఈ సంభాషణ ఆరేళ్ళ పిల్లతో నడవదు. సొంతభాషలోనైనా ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న అడగాలో ముందే అనుకోకపోతే అంతే సంగతులు.

అంకెల పేర్లలో కూడా మన భాష మనకు సాయం చేస్తుంది. పదమూడు అనగానే పది ముందు, మూడు తర్వాత వినిపిస్తాయి. రాసేదీ అదే వరసలో. ఇరవై దాటాక ఇరవై మూడు, నలభై ఏడు అని ఇంకా తేట. ఇంగ్లీషు థర్టీన్‌లో ఈ వరస తిరగబడి ఉంటుంది. పదుల కట్టలు, విడి పుల్లలు పెట్టి స్థానవిలువ చెప్పేటప్పుడు ఈ సౌలభ్యాన్ని వాడుకోకపోవడం మన లోపమే.

అయితే మాతృభాష అంటే తెలుగు ఒక్కటే కాదు. సీతంపేట ఏజెన్సీలో సవర పిల్లలున్నారు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష, తెలుగుకు చుట్టం కూడా కాదు. దాని సంప్రదాయ లెక్క పన్నెండు మీద, ఇరవై మీద నడుస్తుంది. 13 అంటే పన్నెండూ ఒకటి. 39 అంటే ఇరవై, పన్నెండు, ఏడు. ఇంట్లో అవ్వ ఇలా లెక్కపెట్టే ఊళ్ళో మనం నేరుగా పదుల కట్టలు కట్టమంటే పిల్లకు ఆ 'పది' ఎక్కడినుంచి ఊడిపడిందో అర్థం కాదు. ముందు పన్నెండు పుల్లల కట్ట కట్టించి, దాన్ని విప్పి పదీ రెండూ చేయిస్తే దారి దొరుకుతుంది. భాషతో పని లేదనేవాళ్ళు ఆ బడిలో ఒక్కరోజు లెక్కలు చెప్పి రావాలి.

సవర మాట వచ్చింది కాబట్టి "నాలుగు భాషలుంటే కుదరదు" అన్న వాదన కూడా చూద్దాం. ఇందులో కష్టం నిజమే, నేను కాదనను. కోయ, లంబాడీ, తెలుగు పిల్లలు ఒకే గదిలో కూర్చుంటే ఒక్క టీచరు ఏం చేస్తాడు? కానీ కుదరదు అనడం వేరు. గిడుగు రామమూర్తి పంతులుగారు వందేళ్ళకు పైగా కిందట పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, వాచకాలు రాసి, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. మనం ఆగస్టు 29న పూలదండ వేసేది ఆయనకే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో పుస్తకాలు తెచ్చి బళ్ళు నడిపారు.

కలగలుపు తరగతిలో టీచరు నాలుగు భాషల్లో పాఠం చెప్పక్కర్లేదు. బొమ్మ చూపించి, ఒకే భాష పిల్లల్ని జట్లు చేసి, ముందు వాళ్ళలో వాళ్ళని మాట్లాడుకోనివ్వాలి. వాళ్ళు చెప్పిన మాటల్ని తెలుగు లిపిలో బోర్డుకెక్కించాలి. ఆ రోజు కొత్తగా నేర్పే తెలుగు మాటలు నాలుగైదుకు మించకూడదు. టీచరుకు కోయ రాకపోతే మధ్యాహ్న భోజనం వండే అమ్మకు వస్తుంది. పాఠంలోని పది మాటలు ఆమెను ముందురోజు అడిగి రాసుకుంటే పోయేదేమీ లేదు. విద్యాహక్కు చట్టంలో 'వీలైనంతవరకు' మాతృభాషలో అని ఉందని, ఆ మాటను తప్పించుకోవడానికి వాడేవాళ్ళను చూశాను. వీలు చేసుకోవడం అనేది ఒకటుంది.

ఫిలిప్పీన్స్ సంగతికి వస్తే, వార్త నిజం. చెప్పింది సగం. 2012 నుంచి అక్కడ మూడో తరగతి దాకా మాతృభాషలో బోధన అమల్లోకి వచ్చింది. 2024లో చేసిన చట్టంతో ఆ నిబంధన పోయింది. అందరిదీ ఒకే మాతృభాష అయిన తరగతుల్లో మాత్రం ఐచ్ఛికంగా ఉంచారు. ఎందుకిలా అయింది? ప్రతి బడీ తన భాషలో కథల పుస్తకాలు తయారుచేయాలి, రాత పద్ధతి ఖాయం చేసుకోవాలి, వ్యాకరణం, నిఘంటువు రాసుకోవాలి అన్నారు. ఈ నాలుగూ పూర్తిచేసిన బళ్ళు సర్వే చేసినవాటిలో పదోవంతు కూడా లేవని అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థే తేల్చింది. అంటే ముందు ఏర్పాటు లేకుండా మాతృభాషలో చెప్పేస్తే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ప్లాన్ అక్కర్లేదనే సందేశంలో ఈ ఉదాహరణ ఎలా దూరిందో నాకు అంతుపట్టదు.

ఏర్పాటు చేసుకున్నచోటు కూడా చూడాలి. నైజీరియాలో ఇఫే విశ్వవిద్యాలయంవాళ్ళు 1970లో మొదలుపెట్టి ఆరేళ్ళ ప్రాథమిక చదువంతా అక్కడి పిల్లల మాతృభాష యోరుబాలో చెప్పించారు. పుస్తకాలు కొత్తగా రాయించారు, టీచర్లకు శిక్షణ ఇచ్చారు, ఇంగ్లీషును ఒక సబ్జెక్టుగా ప్రత్యేక టీచరుతో చెప్పించారు. ఆ పిల్లలు చివరికి ఇంగ్లీషులో కూడా మిగతావాళ్ళకు తీసిపోలేదు.

చివరిది ఎంఈఓ మాట. ఇక్కడ మాత్రం టీచర్ల కోపంలో న్యాయం ఉంది. లక్ష్యాలు, సామర్థ్యాలు, బోధనాభ్యసన సామగ్రి అంటూ గళ్ళన్నీ నింపి, నిరుటి నోట్సు చూసి తేదీ మార్చి రాసేది ప్లాన్ కాదు, టెన్షన్. దాన్ని ఎత్తేసినా పిల్లలకు నష్టం లేదు. నేను చెప్పేది అరపేజీ కాగితం. రేపు 'సంత' పాఠం అనుకోండి. మన ఊళ్ళో సంతలో దొరికేవాటికి పిల్లలు ఏ పేర్లు అంటారో పది రాసుకోండి. అవును, కాదు అని తప్పించుకోలేని ప్రశ్నలు రెండు: "అమ్మేవాళ్ళు సాయంత్రం ధర ఎందుకు తగ్గిస్తారు?", "మీ అమ్మ బేరం ఎలా ఆడుతుంది?" వాళ్ళు ఎక్కడ తడబడతారో ఒకటి, బహుశా 'బత్తాయి' వత్తు దగ్గర. పీరియడ్ చివర ఎవరిద్దరి చేత చదివించాలో పేర్లు, నిన్న నోరు విప్పనివాళ్ళవి.