గొంతు విన్నవాళ్లకు మనిషిని చూపించిన సినిమాలు

కంట్రీ మ్యూజిక్ అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన పాటలు. అక్కడ తొలినాళ్లలో వచ్చిన కంట్రీ మ్యూజిక్ సినిమాల్లో కథ కోసం చూస్తే నిరాశే మిగులుతుంది. చాలావరకు తక్కువ ఖర్చుతో చుట్టేసినవే. అయినా నేను వాటిని పనిగట్టుకుని వెతికి చూస్తాను.

1929లో కొలంబియా సంస్థ విడుదల చేసిన 'ది సింగింగ్ బ్రేక్‌మ్యాన్' సుమారు పది నిమిషాల సినిమా. రైల్వే కార్మికుడి దుస్తుల్లో గాయకుడు జిమ్మీ రోడ్జర్స్ స్టేషన్ దగ్గరున్న కాఫీ హోటల్‌కి వస్తాడు. అక్కడున్న ఇద్దరు ఆడవాళ్లకు మూడు పాటలు వినిపిస్తాడు. అంతే కథ! ఆయన నిజంగానే రైల్వేలో పనిచేసినవాడు. క్షయ రావడంతో ఆ పని వదిలేశాడు. ఆ జబ్బుతోనే 1933లో, 35 ఏళ్లకే పోయాడు. కిశోర్ కుమార్ పాటల్లో మనం విన్న యోడలింగ్, అంటే గొంతును ఒక్కసారిగా పై స్థాయికీ కిందికీ మారుస్తూ పాడటం ఉందే, అది రోడ్జర్స్ రికార్డుల్లో వింటే ఎంత కష్టమైన విద్యో అనిపిస్తుంది. తెరమీద చూస్తే మాత్రం మనతో కబుర్లు చెబుతున్నంత తేలిగ్గా పాడేస్తుంటాడు. ఈ తేడా తెలియాలంటే చూడాల్సిందే.

అసలు ఈ సినిమాలకు గిరాకీ తెచ్చింది రేడియో. నాష్‌విల్‌లోని డబ్ల్యూఎస్ఎం స్టేషన్ 1925 నుంచి ప్రతి శనివారం రాత్రి పల్లె పాటలు వినిపించేది. ఆ గొంతులు ఊళ్లలో అందరికీ తెలుసు, మనుషులెలా ఉంటారో తెలియదు. ఆ ఆత్రాన్ని నమ్ముకునే రిపబ్లిక్ సంస్థ 1940లో ఆ రేడియో షో పేరుతోనే 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' సినిమా తీసింది. అందులో అంకుల్ డేవ్ మేకన్ ఉన్నాడు. సంగీతంలోకి రాకముందు కంచరగాడిదల బండ్ల మీద సరుకులు తోలిన మనిషి. డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డ వయసులో, పక్కన కొడుకు గిటార్ వాయిస్తుంటే, కుర్చీలోంచి లేచి బాంజో అనే తీగల వాయిద్యంతో చిందులేస్తాడు. ఆ హుషారు ఏ రికార్డులోనూ పట్టలేదు. నా దృష్టిలో ఆ కాసేపటి కోసమే మిగతా సినిమానంతా భరించవచ్చు.

కానీ అదే సినిమాలో ఒక లోటు నన్ను బాధపెడుతుంది. డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి కళాకారుడు ఆ రేడియో షోకి తొలినాళ్ల నుంచీ పెద్ద ఆకర్షణ. హార్మోనికాతో రైలు కూతను, చక్రాల చప్పుడును అచ్చం అలాగే పలికించేవాడు. మేకన్‌తో కలిసి ఊరూరా తిరిగాడు. సినిమాలో మాత్రం ఆయన లేడు. మరుసటి ఏడాదే షోలోంచి కూడా తీసేశారు. 1927లో ఆయన రికార్డు చేసిన రైలు చప్పుడు ఇప్పటికీ వినవచ్చు. ఆ రోజుల్లో ఆ చేతులు ఎలా కదిలేవో చూపించే అవకాశం కెమెరాకు దొరికింది, చూపించలేదు.