పది నిమిషాలకే వంటగది మూసేస్తారా!
స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గార్మ్ కొండ మీద గాలి హోరెత్తితే స్కీయింగ్‌కి పైకి తీసుకెళ్లే లిఫ్టులు ఆపేస్తారు. అది ప్రాణాల సంగతి, ఎవర్నీ ఏమీ అనను. స్కీయింగ్ లేకపోతేనేం, 1952 నుంచి అక్కడ పెంచుతున్న రెయిన్‌డీర్ మందని చూసి పిల్లలు మురిసిపోయారు. నా బాధల్లా బస గురించే! ఇన్వర్నెస్ నగరానికి వెళ్లి తిరిగొస్తూ, ఏ9 రోడ్డు మీద మంచుతో ఆలస్యమై, కొండ దగ్గరి ఏవీమోర్ ఊళ్లోని హోటల్‌కి చేరేసరికి రాత్రి ఎనిమిదీ పది. "కిచెన్ ఎనిమిదింటికే మూసేశాం" అన్నారు. పది నిమిషాలు! కాస్త సూప్ వేడిచేసి ఇవ్వలేరా? మా చిన్నది చిప్స్ ప్యాకెట్ తిని పడుకుంది. తడిబట్టలు ఆరేసుకునే గదికీ తాళమే. పొద్దున దాని గ్లౌజులు పిండితే ఇంకా నీళ్లు కారుతున్నాయి. అంత డబ్బు కట్టించుకున్నవాళ్లు ఈ వేళలేవో బుకింగ్ రోజే చెప్పాలి కదండీ!