స్కిప్పరే పడిపోతే పడవలో దిక్కెవరు?

బ్రిటన్‌లో చిన్న పడవేసుకుని సరదాగా సముద్రంలోకి వెళ్లేవాళ్లను లైసెన్స్ అడగరు, ప్రథమ చికిత్స సర్టిఫికెట్టూ అడగరు. పడవ నడపడంలో శిక్షణ, పరీక్షలు చూసే రాయల్ యాటింగ్ అసోసియేషన్ వారి యాట్‌మాస్టర్ అనే నైపుణ్య పరీక్షకు కూర్చుంటే మాత్రం ప్రథమ చికిత్స సర్టిఫికెట్ తప్పనిసరి. శిక్షణ ఒక్కరోజు, చెల్లుబాటు మూడేళ్లు. కోర్సు మంచిదే. చిక్కల్లా ఆ కాగితం స్కిప్పర్, అంటే పడవను నడిపించే పెద్ద, ఒక్కరి దగ్గరే ఉండటం.

చాలా పడవల్లో ఉండేది ఇద్దరే. వెనకగాలికి తెరచాప అనుకోకుండా అటునుంచి ఇటు మారి, దాని అడుగున ఉండే అడ్డకర్ర (బూమ్) తలకు తగిలితే, పడిపోయేది స్కిప్పరే కావచ్చు. అప్పుడు పడవను అదుపు చేయడం, గాయం చూడటం, రేడియోలో పిలవడం, అన్నీ ఏ శిక్షణా లేని రెండో మనిషి మీదే పడతాయి.

ఆఫీసుల్లో నేర్పే ప్రథమ చికిత్స ఇక్కడ సరిపోదు. అది అంబులెన్స్ కాసేపట్లో వస్తుందన్న నమ్మకం మీద నడుస్తుంది. పైగా మామూలుగా గుండె ఆగిపోయినవారికి ముందు ఛాతీ నొక్కమంటారు. నీట మునిగినవారి గుండె ఆగేది ఆక్సిజన్ అందక. అందుకే ఊపిరి లేకపోతే బ్రిటన్‌లో ముందు 5 సార్లు నోటితో ఊపిరి ఊదమంటారు, తర్వాత 30 నొక్కులకు 2 ఊపిరులు. నొక్కు లోతు 5-6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100-120. మెత్తటి పరుపు మీద నొక్కితే ఆ బలం పరుపులోకే పోతుంది, కాబట్టి కేబిన్ నేల మీదకు దించాలి. పక్కన మోకాళ్లూనే చోటు లేకపోతే తల వైపు నుంచి నొక్కాలి. మన చెరువుల దగ్గర ఇప్పటికీ చేసే పని ఒకటుంది: నీళ్లు కక్కించాలని పొట్ట నొక్కడం. అది చేయకూడదు. కడుపులోవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, విలువైన నిమిషాలూ పోతాయి.

చల్లటి నీళ్లలో పడ్డవారికి మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు. పది నిమిషాలయ్యేసరికి చేతులు మాట వినవు. శరీరం ప్రమాదకరంగా చల్లబడటం ఆ తర్వాతి సంగతి. లైఫ్ జాకెట్ లేనివారు అంతవరకూ ఆగలేక ముందే మునిగిపోతారు. ఎక్కువసేపు నీళ్లలో ఉన్నవారిని నిలువుగా లాగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. వీలైతే అడ్డంగా ఎత్తాలి, అందుకోసం ఆలస్యం మాత్రం చేయకూడదు.

వైద్య సలహాకు పడవలోని వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ చానెల్‌లో ‘పాన్ పాన్’ అని మూడుసార్లు పిలిస్తే కోస్ట్‌గార్డ్ డాక్టర్‌ను కలుపుతుంది. ప్రాణాపాయమైతే ‘మేడే’. డాక్టర్ అడిగేవి నాడి, ఊపిరి వేగం, స్పృహ, వాడే మందులు. ఇవి కాగితం మీద రాసుకుని పిలవాలి.

పడవకు ఇద్దరికి సర్టిఫికెట్ ఉండాలన్నది మా మాట. చేతులకు అలవాటైన పని మూడేళ్లు నిలవదు కాబట్టి ఏటా సీజన్ మొదట్లో అరగంట సాధన కూడా కావాలి. స్కిప్పర్ నేల మీద పడుకుని నోరు మెదపకుండా ఉండాలి. మందుల పెట్టె వెతకడం, ఇంజిన్ వేయడం, పడవ ఉన్న చోటు చదివి చెప్పడం రెండోవారే చేయాలి.