పొగ గొట్టం లేని మిల్లుకి పిల్లనెవరిస్తారు

ఈ మధ్య ఇంజనీరింగ్ చదివేసి ఊళ్ళోకొచ్చిన కొంతమంది కుర్రాళ్ళు ఒక ప్రమాదకరమైన మాట మొదలెట్టారు, అదేంటంటే మన రైసు మిల్లుల కప్పుల మీద, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల రేకుల మీద పడే ఎండతో నీళ్ళు కాచుకోవచ్చంట, ఇంకొంచెం ఖర్చు పెడితే ఆవిరి కూడా తియ్యొచ్చంట. శ్రీకాకుళం జిల్లా పౌరుడిగా, పుట్టినప్పట్నుంచీ పొగకి అలవాటుపడ్డ ముక్కున్న మనిషిగా, దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

మొదటిది మర్యాద సంగతి. మన జిల్లాలో సూర్యుడికి ఒక హోదా ఉంది. అరసవల్లిలో కొలువున్న స్వామి ఆయన, మార్చిలో ఓసారి అక్టోబర్లో ఓసారి కిరణాలొచ్చి పాదాలు తాకుతుంటే చూడ్డానికి తెల్లారకముందే లైన్లో నిలబడతాం, రథసప్తమికైతే శ్రీకాకుళం రోడ్లు పట్టవు. అంతటి స్వామిని తీసుకెళ్ళి ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు నానబెట్టే తొట్టి దగ్గర పనికి పెడతారా? తిరుమలలో 2002లోనే 106 అద్దాల డిష్‌లు పెట్టి ఎండతో ఆవిరి తీసి అన్నదానానికి వండారు కదా అని ఒక కుర్రాడు అడ్డం తగిలాడు. ఒరే నాయనా, అది దేవుడికీ దేవుడికీ మధ్య ఇచ్చిపుచ్చుకోడం, అందులో మిల్లోళ్ళు దూరకూడదు అన్నాను.

ఇంక వాళ్ళ లెక్కలు వినండి. వడ్లు నానబెట్టే నీళ్ళు 60, 70 డిగ్రీలుంటే చాలంట. జీడిపప్పు పై పొట్టు వదలడానికి బోర్మాలో, అంటే పప్పు ఆరబెట్టే వేడి గదిలో, పెట్టే వేడి కూడా 70 అటూ ఇటూనే. కప్పు మీద నల్ల రేకు, పైన గాజు పలక ఉన్న మామూలు పెట్టె బిగిస్తే 80 దాకా వస్తాది, గాలి తీసేసిన గాజు గొట్టాలైతే వంద దాటుతాది. మరి మనం ఏం చేస్తన్నాం? 70 డిగ్రీల నీళ్ళ కోసం బాయిలర్లో ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల మంట పెడుతున్నాం. వాళ్ళు దీన్ని వేస్ట్ అంటన్నారు, నేను దర్జా అంటాను.

ఇంకో లెక్క ఉంది, ఇది విన్నాక నాకు రెండ్రోజులు నిద్ర లేదు. మంచి ఎండ రోజు చదరపు మీటరు కప్పు మీద ఐదు యూనిట్ల దాకా ఎండ పడతాదంట, అందులో సగం వేడిగా పట్టుకున్నా రెండున్నర యూనిట్లు, కేజీ ఊక బాయిలర్లో వేస్తే చివరికి నీళ్ళకి చేరే వేడి కూడా ఇంచుమించు అంతేనంట. అంటే మీటరు కప్పుకి రోజుకో కేజీ ఊక. వెయ్యి చదరపు మీటర్ల షెడ్డున్న మిల్లుకి రోజూ ఆకాశంలోంచి టన్ను ఊక దిగి, రేకులు కాల్చేసి, కింద పని చేసే ఆడోళ్ళ వీపుల మీద చెమటై కారిపోయి, సాయంత్రం ఐదింటికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోతంది. ఊక లారీకి మాత్రం మనం గేటు దగ్గర నిలబడి కాటా వేయిస్తాం.

కరెంటు సోలార్ అయితే నాకేం అభ్యంతరం లేదు, అది గౌరవంగా ఉంటాది. 2024లో ఇళ్ళ కప్పుల మీద సోలార్ ప్యానెళ్ళకి పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది, 78 వేల దాకా సబ్సిడీ, మీటరు వెనక్కి తిరుగుతుంటే చుట్టాలకి చూపించుకోవచ్చు. ఆ ప్యానెల్ మీద పడ్డ ఎండలో ఐదో వంతే కరెంటయ్యేదని, అదే వేడిగా పట్టుకుంటే సగం పైనే చేతికొస్తాదని వీళ్ళ వాదన. నిజమే అనుకుందాం, కానీ వేడికి స్విచ్ ఏదీ? ఎమ్మెల్యే గారొచ్చి ఏది నొక్కుతారు? తొట్టిలో నీళ్ళు వెచ్చగా ఉన్నాయని చెయ్యి ముంచి ఫొటో దిగుతారా? ప్రపంచంలో ఫ్యాక్టరీలు వాడే ఎనర్జీలో మూడింట రెండొంతులు వేడికేనంట, అయినా మన మీటింగుల్లో సోలార్ అనగానే అందరూ కరెంటు గురించే మాట్లాడతారు. దీనికి కారణం ఫొటోయేనని నా గట్టి నమ్మకం.

పోనీ మనకి ఎండతో పరిశ్రమ కొత్తా? విజయనగరం జిల్లా భీమాళిలో మామిడి తాండ్ర పొర మీద పొర ఎండలోనే ఆరతాది. తీరం పొడుగునా ఎండుచేపలు. కోతలయ్యాక రోడ్డెక్కితే సగం రోడ్డు వడ్లకీ మొక్కజొన్నకీ వదిలేసి మిగతా సగంలో బస్సు, లారీ, మనం సర్దుకుంటాం, ఖర్చు లేకుండా నడిచే సోలార్ డ్రయ్యర్ ఇంత పెద్దది ఏ దేశంలో ఉంది చెప్పండి. కానీ వీటిని పరిశ్రమ అనరు, చేసేది ఎక్కువ ఆడోళ్ళు, పైగా పొగ రాదు.

పొగ దగ్గరే అసలు విషయం ఉంది. మా వైపు ఒక షావుకారు గారిని అడిగాను, ఏమండీ కప్పు మీద హీటర్లు పెట్టించుకుంటారా అని. ఆయన నవ్వి, "ఏటి బాబూ, పొగ రాకపోతే మిల్లు ఆడతందని ఊరికెలగ తెలుస్తాది? రేపు మా గుంటడికి సంబంధం సూడ్డానికొచ్చినోళ్ళు మిల్లు మూసీసారనుకోరా?" అన్నారు. ఇంత లోతుగా ఆ కుర్రాళ్ళు ఆలోచించారా? జీడి తొక్క కాలిన ఘాటు తగిలితేనే కదా కాశీబుగ్గ వచ్చిందని బస్సులో నిద్రపోయేవాడు లేచి కూర్చునేది. ఆరేసిన పంచె మీద నల్ల నలుసులు పడకపోతే సీజన్ మొదలైందని ఇంట్లోవాళ్ళకి ఎవరు చెప్తారు?

చరిత్ర కూడా నా వైపే ఉంది. 1878లో పారిస్ ఎగ్జిబిషన్‌లో మూషో అనే లెక్కల మేష్టారు పెద్ద అద్దాల గొడుగు పెట్టి ఎండతో ఐసు చేసి చూపించాడు. జనం నోరు తెరిచారు, మెడల్ ఇచ్చారు, తర్వాత బొగ్గు చౌకయ్యింది, సర్కారు డబ్బులాపేసింది, మేష్టారు మళ్ళీ లెక్కలు చెప్పుకోడానికి వెళ్ళిపోయాడు. మేష్టార్లు ఎండ జోలికి పోతే ఇంతే.

కొన్ని అభ్యంతరాలు మాత్రం నిజంగా నిజమే, అవి నాకు అంతగా నచ్చవు, వాటికి జవాబులుంటాయి. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఎవరి రేకు ఎవరి తోటలో తేలిందో పలాసలో ఎవర్నడిగినా చెప్తారు, అలాంటి చోట పాత షెడ్ల మీద గాజు గొట్టాలంటే ముందు ఇనుప ఫ్రేముకే సగం డబ్బులైపోతాయి. సముద్రపు గాలికి తుప్పు, బోరు నీళ్ళకి గొట్టాల్లో సున్నం, కోతులు సరేసరి. వానాకాలం మబ్బు, రాత్రి షిఫ్టు. దీనికి వాళ్ళేమంటారంటే, బాయిలర్ని తీసెయ్యొద్దు, అలాగే ఉంచండి, అందులోకెళ్ళే నీళ్ళని కప్పు మీదే కాచి, దళసరి దూది చుట్టిన ట్యాంకులో దాచి పంపండి, ఎండున్న రోజు ఊక తగ్గుతాది, లేని రోజు మామూలే, వేడిని కరెంటులా తీగల మీద దూరం పంపలేం కాబట్టి వాడే చోటే తీసుకోవాలి, కప్పుకంటే దగ్గర చోటేది అని. ఇంత సబబుగా మాట్లాడేవాళ్ళతో వాదించడం కష్టం, అందుకే నేను వాదించలేదు, టీ తాగి వచ్చేశాను.

అయినా ఒక షావుకారు ధైర్యం చేసి లోనుకి వెళ్ళాడు. ఇంధనం సప్లై చేసేదెవరని బ్యాంకులో అడిగారు. సూర్యుడండీ అన్నాడు. బిల్లిస్తాడా అన్నారు, ఇవ్వడండీ అన్నాడు. జీఎస్టీ నంబరు లేదు, పాన్ కార్డు లేదు, పోనీ రూలు ప్రకారం మూడు కొటేషన్లు తెండి, తక్కువ వేసినోడికి ఆర్డరిద్దాం అన్నారంట. ఇంకో ఇద్దరు సూర్యుళ్ళు ఎక్కడైనా ఉంటే కాస్త చెప్పండి, ఫైలు టేబుల్ మీదే ఉంది.