తనిఖీ అయిపోయిన మర్నాడు

ఇన్‌స్పెక్టర్ జీపు గేటు దగ్గరికి రాకముందే కబురు ఫ్యాక్టరీ లోపలికి చేరుతుంది. స్టోర్‌లో పడి ఉన్న హెల్మెట్లు, మాస్కులు ఆ పూటకు బయటికొస్తాయి. అత్యవసర ద్వారానికి అడ్డంగా ఉన్న డ్రమ్ములు మాయమవుతాయి. రిజిస్టర్‌లో పేరు లేని కూలీలకు ఆ రోజు సెలవు, కూలి లేని సెలవు. చౌటుప్పల్ నుంచి జడ్చర్ల దాకా ఫ్యాక్టరీల పక్కన బతుకుతున్న వాళ్లకు ఇది కొత్త ముచ్చటేమీ కాదు.

తనిఖీ ఎక్కువగా ఆఫీసు గదిలోనే నడుస్తుంది. ఫైళ్లు, సర్టిఫికెట్లు, టీ. ఆ తర్వాత ప్లాంటులో ఒక చుట్టు, పక్కనే మేనేజరు. ఆయన ముందు "ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అని అడిగితే ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు ఏమంటాడు? ప్రశ్న అర్థమైతే "లేవు సార్" అంటాడు. అర్థం కాకపోతే తలూపుతాడు. ఒకప్పుడు వలసకు మారుపేరైన పాలమూరులో ఈ మౌనం ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. ముంబయిలో, పుణెలో మన మేస్త్రీలూ ఇలాగే తలూపి ఉంటారు.

చట్టం మాత్రం నోరు మూసుకోమనలేదు. భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ భద్రత సమాచారం అడిగే హక్కు, ఇన్‌స్పెక్టర్‌కు నేరుగా మొరపెట్టుకునే హక్కు కార్మికుడికి ఇచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోని 14వ సెక్షన్ కూడా ఆ దారి మూయలేదు. ప్రాణాపాయం ఉందని సహేతుకంగా అనుమానిస్తే యాజమాన్యానికీ, ఇన్‌స్పెక్టర్‌కూ ఒకేసారి చెప్పవచ్చంది. చెప్పిన మర్నాడు అతనికి పని ఉంటుందా అన్నదే ఆ సెక్షన్‌లో లేదు.

అసలు కిటుకంతా అక్కడే. కాంట్రాక్టు కార్మికుణ్ని ఎవరూ డిస్మిస్ చేయరు. నోటీసు ఉండదు, విచారణ ఉండదు. "రేపట్నుంచి రావొద్దు" అని కాంట్రాక్టరు ఫోన్‌లో చెబితే చాలు. ఏ లేబర్ ఆఫీసులో ఏమని ఫిర్యాదు చేస్తాడు?

ఫిర్యాదుదారు పేరు గోప్యంగా ఉంచాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒప్పందం చెబుతుంది. మన దేశం 1949లోనే దాన్ని ఆమోదించింది. కానీ రియాక్టర్ దగ్గర షిఫ్టుకు ఆరుగురే ఉంటే పేరెందుకు? లీకవుతున్న గ్యాస్కెట్ సంగతి ఎవరికి తెలుసో మేనేజరుకు తెలియదా? కాబట్టి ఇన్‌స్పెక్టర్ మాట్లాడితే షిఫ్టులో అందరితోనూ మాట్లాడాలి, ఒక్కొక్కరితో విడిగా, మేనేజరు లేని చోట, ఒడియా, హిందీ వచ్చిన మనిషిని వెంటబెట్టుకుని. అప్పుడు ఏ ఒక్కరి మీదా వేలు పడదు.

కొత్త కోడ్ ఇన్‌స్పెక్టర్‌కు 'ఫెసిలిటేటర్' అనే తోకా తగిలించింది. యాజమాన్యాలకూ కార్మికులకూ సలహాలివ్వాలట. మంచిదే. ఆ సలహాలో రెండో సగం గేటు బయటి టీ కొట్టు దాకా ఎప్పుడొస్తుందో చూడాలి.

2025ను మరిచిపోవడం కుదరదు. ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో 8 మంది చిక్కుకుపోయారు. వాళ్లలో ఒక్కరూ తెలంగాణవారు కాదు. జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. ప్రతి ప్రమాదం తర్వాతా ప్రభుత్వం తనిఖీలు ముమ్మరం చేస్తామంటుంది. ఎన్ని చేశారన్న లెక్క కన్నా ఎవరిని అడిగారన్నది మాకు ముఖ్యం.

కార్మిక, ఫ్యాక్టరీల శాఖలను మేం కోరేది పెద్దదేం కాదు. తనిఖీలో బయటపడిన లోపాలను గేటు దగ్గర తెలుగులో, హిందీలో అంటించండి. నెల తిరిగాక మళ్లీ వెళ్లండి. పాత వాల్వు మారిందా అని చూడండి. అదే చేత్తో మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) కూడా తెప్పించుకుని, కిందటిసారి మీతో మాట్లాడిన ఆరుగురి పేర్లూ అందులో ఇంకా ఉన్నాయో లేదో చూడండి.