క్లిక్ ట్రాక్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ క్లిక్ ట్రాక్ గారికి,

ఉభయకుశలోపరి. హైదరాబాద్‌లో మరో రాక్ బ్యాండు కొత్త ఆల్బమ్ రికార్డింగుకు దిగుతోంది. ఎనిమిది పాటలు, నలుగురు మనుషులు, గంటల లెక్కన అద్దెకు తీసుకున్న స్టూడియో. లయ తప్పకుండా వాద్యకారుల చెవుల్లో టిక్, టిక్ అంటూ దారి చూపే మీకు తిట్లు మొదలయ్యే వేళయింది కాబట్టి ముందే ఈ ఉత్తరం. గిటారు శ్రుతి తప్పితే తప్పు వాతావరణానిది, గొంతు తప్పితే జలుబుది. లయ తప్పితే మాత్రం "ఈ క్లిక్కు వల్లే ఫీల్ పోయిందిరా!" ఆల్బమ్ అట్ట మీద పేరు అడగని ఒకే ఒక్క సభ్యుడికి దక్కే మర్యాద ఇదీ.

శ్రుతి తల్లి, లయ తండ్రి అన్నారు పెద్దలు. మీరు అచ్చం ఆ పాతకాలపు తండ్రే. కొడుకు ఫస్టు క్లాసులో పాసైతే పేపరు వెనక మొహం దాచుకునే రకం. డ్రమ్మరు సరిగ్గా మీ మీద కొట్టాడంటే ఆ స్నేర్ డ్రమ్ము దెబ్బ కింద మీ టిక్కు వినబడనే వినబడదు. కొత్త కుర్రాడికి అది తన గెలుపని తెలీదు. క్లిక్కు ఆగిపోయిందేమోనని కంగారుపడి తర్వాతి బారులో, అంటే తర్వాతి తాళపు చుట్టులో, జారతాడు. జారీ జారగానే "టిక్" అంటూ తమరు ప్రత్యక్షం. బాగా చేసినప్పుడు మౌనం, తప్పు చేసినప్పుడు మందలింపు.

మీ వంశం కూడా తక్కువదేం కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ అనే ఆయన 1814లో లయ కొట్టే మెట్రోనోమ్ యంత్రం చేస్తే, మెల్జెల్ అనే ఇంకొకాయన ఆ ఊహ పట్టుకుపోయి 1815లో పేటెంటు తీసుకున్నాడు. అంటే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు బాణీ) కొట్టేశారన్న గొడవ రాక్ సంగీతం కంటే ముందే మీ ఇంట్లో జరిగిపోయింది. ఆ తర్వాత తమరు కార్టూన్ సినిమాల్లో ఉద్యోగం చేశారు. ఫిల్ముకు చిల్లులు పొడిచి, ఆ చిల్లు చప్పుడుకు వాయిద్యకారుల్ని నడిపించేవారు. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి 12 ఫ్రేములకో చిల్లు పడితే నిమిషానికి 120 దెబ్బలు. ఎలుక జారిపడితే తాళం పడాలి, అంతే. అలాంటి మీ చేతికి ఇప్పుడు ప్రేమ విఫలమైన పాటల్ని అప్పజెబుతున్నారు.

అసలు చిక్కు జామ్ రూములో పుడుతుంది. 92 బీపీఎం (నిమిషానికి 92 దెబ్బలు) దగ్గర ఎత్తుకున్న పాట, ఫ్యాను గాలీ చెమటా కలిసి ఊపొచ్చేసరికి కోరస్‌లో 98కి చేరుతుంది. ఏ వేగం పెట్టాలని ఇంజనీరు అడిగితే నలుగురూ ఆ ఊపే గుర్తు తెచ్చుకుని 98 అంటారు. 96 బార్ల పాట 92లో నడిస్తే 4 నిమిషాల 10 సెకన్లు, 98లో 3 నిమిషాల 55 సెకన్లు. ఆ 15 సెకన్లూ గాయకుడి ఊపిరిలోంచే కోసినవి. తెలుగు సాహిత్యమైతే మరీ ఇబ్బంది, ఒత్తులున్న మాటలు పళ్ల మధ్య ఇరుక్కుంటాయి. కాబట్టి ప్రభువులు దయచేసి డ్రమ్మరు కాలి ఊపును నమ్మకండి. పాటలో మాటలు అన్నిటికంటే కిక్కిరిసిన చరణం ఏదో చూసి, గాయకుణ్ణి ఒట్టి గిటారు మీద పాడమని, ఆ వేగం కొలవండి. దానికి అటు రెండు, ఇటు రెండు పెట్టి మళ్లీ పాడించాక అంకె ఖాయం చేయండి.

పాటంతా ఒకే అంకె మీద నడవాలన్న నియమం మీరు పెట్టింది కాదని మాకు తెలుసు. అది బద్ధకం పెట్టిన నియమం. చరణం 92, కోరస్ 94, ఆఖరి కోరస్ 95 అని ఎక్కడ ఎంత వేగమో చెప్పే టెంపో మ్యాప్ రాసుకుంటే వినేవాడికి మార్పు తెలీదు, ఊపు తెలుస్తుంది. డ్రమ్మరు గడగడా నింపే ఫిల్ ఉన్న బారులోనే మార్చాలి, లేకపోతే బేసిస్టు బొక్కబోర్లా పడతాడు. నెమ్మది పాటల్లో మీ మౌనం ఇంకా ప్రమాదం. 72 బీపీఎంలో రెండు టిక్కుల మధ్య 833 మిల్లీసెకన్లు. అంత ఖాళీ దొరికితే ఎవడైనా ముందుకే పరుగెడతాడు. నడుమ ఇంకో చిన్న టిక్కు వేస్తే ఆగుతాడు. 160లో అదే పని చేస్తే చెవిలో వడ్రంగిపిట్ట, అక్కడ వద్దు.

ఇక మిశ్రచాపు. ప్రతి తెలుగు బ్యాండు ఆల్బమ్‌లోనూ "మన మూలాలు" అంటూ ఒక ఏడక్షరాల పాట ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో తమరు పుట్టుకతోనే నాలుగుకి నాలుగు, అంటే బారుకి నాలుగు దెబ్బలు, ఎనిమిది అర దెబ్బలు. ఎవరూ మార్చరు. ఏడు మీద మీ ఎనిమిది నడిస్తే ఎనిమిది బార్ల తర్వాత గానీ సమం (తాళం మొదటి దెబ్బ) మళ్లీ కలవదు. ఈలోపు గిటారిస్టు మూలాల సంగతి మరిచి పెద్దల్ని తిడుతుంటాడు. తాళాన్ని ఏడుకి ఎనిమిది (7/8) అని పెట్టి, ఒకటో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా బరువు వేస్తే మూడూ నాలుగుగా విరుగుతుంది. రెండు నిమిషాల పని.

డప్పు పాట వేరే కథ. దరువు పెరుగుతుంది, అది దాని గుణం. సిర్ర, సిటికెనపుల్ల అనే కర్రలు పట్టుకుని భుజాన డప్పేసుకుని అడుగులేసే మనిషి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, మిమ్మల్ని వినిపించి, కదలకుండా నిలబడమంటే వచ్చేది దరువు కాదు, సంతాప సభ. ఇక్కడ తమరు వెనకే రావాలి. డప్పును ముందు ఒంటరిగా రికార్డు చేసి, పడిన దెబ్బల్ని బట్టి టెంపో మ్యాప్ గీసి, మిగతా వాళ్లని దాని మీద వాయించమనాలి. టేకులు చిన్నవి తీసుకోవాలి. మంట మీద కాచిన చర్మం చల్లారేకొద్దీ గొంతు దించుతుంది, మొదటి టేకూ ఐదో టేకూ అతికితే అతుకు వినబడుతుంది. స్టూడియో బయట మంట పెట్టుకునే జాగా ఉందో లేదో అద్దె మాట్లాడేటప్పుడే అడగాలి. మంట గురించి ఎవరూ అడగరు, ఏసీ ఉందా అని మాత్రం అందరూ అడుగుతారు.

ఇక మీ దొంగతనాలు. డ్రమ్స్ హోరులో వినబడటం లేదని డ్రమ్మరు హెడ్‌ఫోన్లలో మిమ్మల్ని పెంచుతూ పోతాడు. సన్నటి బీప్ శబ్దమైతే ఆ చెవుల సందులోంచి తప్పించుకుని నేరుగా డ్రమ్స్ పైన వేలాడే ఓవర్‌హెడ్ మైకుల్లో దూరుతుంది. డ్రమ్స్ మోగుతున్నంత సేపూ ఎవరికీ పట్టుబడరు. పాట చివర క్రాష్ సింబల్ మోగి ఎనిమిది పది సెకన్లు సన్నగిల్లుతుంది చూశారా, అక్కడ దొరికిపోతారు. పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించే కంప్రెసర్ ఆ తోకను పైకి లాగుతుంది, ఆఖరి మెరుగులు దిద్దే మాస్టరింగులో లిమిటర్ ఇంకాస్త లాగుతుంది. ఆర్ద్రమైన ముగింపులో ఎవరో గోడ గడియారం తగిలించినట్టు టిక్, టిక్. ఆఖరి దెబ్బ పడగానే ట్రాక్‌లో మీ వాల్యూమ్ సున్నాకి దించి ఉంచితే ఈ పరువు నష్టం లేదు. బీప్ తీసేసి చెక్కముక్క చప్పుడు పెట్టాలి, నాలుగు వైపులా మూసిన హెడ్‌ఫోన్లు వాడాలి. గాయని ఒక చెవి కప్పు తీసి పాడుతుందా? మూసిన చెవి వైపుకే మిమ్మల్ని పంపాలి, తీసిన కప్పు మైకు ముందు వేలాడే చిన్న స్పీకరే కదా. నిజానికి పాడే మనిషికి మీరు అవసరమే లేదు, డ్రమ్స్ చాలు. మీతో పాడితే పాట ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉంటుంది.

మీ పేరు చెప్పుకుని ఎడిటింగులో జరిగే ఘోరం ఇంకొకటి. డ్రమ్మరు పాటంతా స్నేర్‌ను 10, 15 మిల్లీసెకన్లు వెనక వేశాడనుకోండి. అది ఆలస్యం కాదు, పాట బరువు. ఎడిటర్ ఆ దెబ్బల్ని నూటికి నూరు మీ టిక్కుల గీతల (గ్రిడ్) మీదకి లాగాక "ఏదో ప్రాణం పోయింది" అని మిమ్మల్ని చూస్తారు. లాగక తప్పదంటే 60, 70 శాతం చాలు. వెనకపడటం ఒకే తీరులో ఉంటే అదీ వద్దు. మరి మీరెందుకంటే, గిటారు డిలే (ప్రతిధ్వని) 489 మిల్లీసెకన్లకు కట్టి 92లో చుక్క ఎనిమిదో స్వరంలా (ముప్పావు దెబ్బకోసారి) గలగలలాడించాలన్నా, రెండో కోరస్‌లో తప్పిన బేసును మొదటి దాంట్లోంచి తెచ్చి అతికించాలన్నా తమరే దిక్కు. తిట్టిన నోళ్లే అప్పుడు మెచ్చుకుంటాయి, కాకపోతే మిమ్మల్ని కాదు, ఇంజనీరుని.

ఇట్లు,
మిక్సింగ్ బల్ల దగ్గరి మీ విధేయులు

తా.క. ఉద్యోగానికి డల్లాస్ వెళ్లిన రెండో గిటారిస్టు తన భాగాలు అక్కడి నుంచే పంపుతాడట. మిమ్మల్ని ఎంపీ3గా పంపకండి, ఎంపీ3 మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ చేరుతుంది. ఆయన ఎంత సరిగ్గా వాయించినా ఇక్కడ అన్నీ పక్కకు జరిగి కూర్చుంటాయి. వేవ్ ఫైలు పంపండి, ఒకటో బారు నుంచి పంపండి. సెకనుకు 44,100 శబ్దపు నమూనాలు, అంటే 44.1 కిలోహెర్ట్‌జ్‌లో బయల్దేరి మార్పిడి లేకుండా 48 కిలోహెర్ట్జ్ సెషన్‌లో దిగితే తమరు 92 నుంచి 100కి ఎగబాకుతారు, గిటారు ఒకటిన్నర అర్ధస్వరం పైకి పోతుంది. ఆయన ఇప్పటికే అలా పంపేశాడు. బ్యాండు వాళ్లు "అమెరికా వెళ్లాక వాడి వాయింపు మారిపోయింది" అనుకుంటున్నారు.