థర్మోస్టాట్ పీకేయడం రిపేర్ కాదు

ఎండలు ముదిరితే చాలు, నల్లగొండలో ఏ షెడ్డుకు పోయినా ఒకటే మాట. "బండి హీట్ అవుతుందా అన్నా? థర్మోస్టాట్ తీసేద్దాం, మన ఎండలకు అది అక్కర్లేదు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బయట 45 డిగ్రీలున్నా ఇంజన్ సరిగ్గా నడవాలంటే దాదాపు 90 డిగ్రీల వేడి కావాలి. అంతవరకూ కూలెంట్‌ను, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, అది చల్లారే రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపేదే థర్మోస్టాట్. అది పీకేస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఇంజన్ తొందరగా అరుగుతుంది, అసలు రోగం మాత్రం లోపలే ఉంటుంది.

మెకానిక్ ముందు అడగాల్సింది, బండి ఎప్పుడు హీట్ అవుతుందని. క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి లేచి, నార్కట్‌పల్లి దాటి హైవే మీద స్పీడందుకోగానే దిగుతోందా? అయితే రేడియేటర్ ఫ్యాన్ చూడాలి. బానెట్ లేపి, ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేయండి. చాలా కార్లలో ఫ్యాన్ వెంటనే తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కు కరెంటు అందించే స్విచ్), వైరింగ్, మోటారు వరుసగా చెక్ చేయాలి. ఊళ్లో బాగానే ఉండి హైవే మీదే ముల్లు లేస్తుంటే రేడియేటర్ జామ్ అయి ఉండొచ్చు, వాటర్ పంపు పోయి ఉండొచ్చు, థర్మోస్టాట్ తెరుచుకోకపోయి ఉండొచ్చు. బయట ఎక్కడా లీకు లేకుండా కూలెంట్ తగ్గిపోతూ, ట్యాంకులో బుడగలు, సైలెన్సర్‌లో తెల్లటి పొగ కనిపిస్తే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) మీద అనుమానం పడాలి. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడినా ప్రెషర్ నిలవదు, కూలెంట్ ముందే మరిగిపోతుంది. వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు, ముఖం కాలిపోతుంది.

ఇక బోరు నీళ్లు. మన నీళ్లలో ఫ్లోరైడ్ గురించి దేశమంతా మాట్లాడింది. రేడియేటర్‌ను చంపేది మాత్రం అందులోని సున్నం. ఇంట్లో గీజర్ కాయిల్ ఎప్పుడైనా బయటికి తీయించారా? దాని మీద తెల్లగా గట్టిపడిన పొర ఉంటుంది చూడండి, సన్నటి రేడియేటర్ గొట్టాల్లో పేరుకునేదీ అదే. కూలెంట్‌లో కలిపితే డిస్టిల్డ్ వాటరే కలపాలి. ముందే నీళ్లు కలిపి అమ్మే రెడీమిక్స్ కూలెంట్ అయితే అదీ అక్కర్లేదు.

మా బావ కారుకు పోయింది ఫ్యాన్ రిలే. కొన్ని వందల్లో తేలిపోయే పని. షెడ్డులో ఫ్యాన్ వైపు చూడనే లేదు. థర్మోస్టాట్ పీకి, కూలెంట్ పారబోసి, డ్రమ్ములోని బోరు నీళ్లు పోసి పంపారు. కొన్నాళ్లకు మిర్యాలగూడ రోడ్డు మీద పొగలు కక్కుతూ ఆగిపోయింది. హెడ్ బెండ్ అయింది, ఖర్చు వేలల్లోకి పోయింది. ఆయన నెలల తరబడి జీతంలోంచి దాచుకున్న డబ్బు అది. షెడ్డు వాళ్లను అడిగితే "ఎండలు అట్లున్నయి సార్" అన్నారు. ఎండ మీదికి తోసేస్తే ఎట్లా? ఫ్యాన్ తిరుగుతుందా లేదా చూడటానికి ఎంతసేపు పడుతుంది?

ఎవరైనా థర్మోస్టాట్ పోయిందంటే, తీసినదాన్ని మీ కళ్ల ముందే నీళ్ల గిన్నెలో వేసి స్టవ్ మీద పెట్టమనండి. నీళ్లు మరిగేలోపు పూర్తిగా తెరుచుకుని, చల్లారాక మూసుకుంటే అది బాగున్నట్టే. దాన్నే తిరిగి బిగించమని చెప్పి, ఫ్యాన్ దగ్గరి నుంచి మొదలుపెట్టించండి.